లేవని వేలు

సోమవారం పొద్దుగాల తహసీల్దారు ఆఫీసు గేటు ఇంకా తెరవలేదు. మున్వర్ టార్పాలిన్ కింద బల్ల సర్దుకొని, కంప్యూటరు మీద కప్పిన పాత లుంగీగుడ్డ దులిపి, కీబోర్డును బోర్లించి వీపు మీద రెండు చరుపులు చరిచిండు. దుమ్ము, బీడీ బూడిద, ఒక చచ్చిన గండుచీమ రాలినయి. ఇరవై రెండేండ్ల సంది భద్రాచలంల ఇదే గోడ పక్కన ఇదే పని. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినోడు డిగ్రీలు చదివినోల్ల అర్జీలు దిద్దుతడని ఊళ్లె ఒక పేరున్నది. జల్దీ కావాలంటే మున్వర్ కాడికి పోండ్రి అంటరు. ఆ జల్దీయే నిన్న ఖమ్మంల ఆయన మెడకు సుట్టుకున్నది.

"చెప్పు తాతా" అన్నడు.

ముందట బొజ్జయ్య కుర్చీ కొసకు కూసున్నడు, మొత్తం కూసుంటే ఎవలన్న లేపుతరేమో అన్నట్టు. దుమ్ముగూడెం అవతలి గూడెం మనిషి. నెలకోపారి వస్తడు, అదే అర్జీ మళ్ల పెడ్తడు.

"నా పోడు చెల్క హద్దు తప్పు రాసిండ్రు సారూ. రాతిగుట్ట దాంక నాది. వాగు దాంకనే అని రాసిండ్రు. పోయిన నెల రాసినట్టే రాయి."

మున్వర్ వేళ్లు కదిలినయి. మనిషి నోట్లె మాట ఉండంగనే తెరమీదికి ఎక్కియ్యాలె, అది ఆయన పట్టింపు. బొజ్జయ్య గొంతు సవరించుకునేసరికి కాయితం సగం నిండింది. అప్పుడే అటెండరు జైరాం తాళంచెవుల గుత్తి ఊపుకుంట వచ్చిండు, ఇంకో చేతిల ఫోను.

"ఏం భాయ్, మాకు గూడ రెండు బటన్లు ఒక్కపారే నొక్కుతున్నవా?"

మున్వర్ చేతులు ఆగినయి.

"ఏంది?"

"నీ వేళ్లు ఖమ్మం నుంచి కొత్తగూడెం దాంక తిరుగుతున్నయి. చూడు." జైరాం ఫోను ఆయన మొకం ముందట పెట్టిండు.

వీడియోల రెండు చేతులు. దగ్గరికి పట్టి తీసిండ్రు, గోళ్ల కింది సిరా మరక గూడ కనబడ్తున్నది. దాని మీద మైకుల గొంతు, ఖమ్మంల పోటీ పెట్టిన గేమింగు సెంటరు నడిపే మురళీకృష్ణది. "చూడండి, స్లో చేసి చూపిస్తున్నాను. లెఫ్టూ రైటూ రెండూ ఒకేసారి నొక్కి ఉన్నాయి. దీన్ని ఆట అనరండీ, చీటింగ్ అంటారు." వెనక నుంచి ఈలలు. వీడియో కొసకు ఒక పిల్ల మొకం పక్కకు తిప్పుకోవుడు కనబడ్డది. అది సుమేరా, ఆయన బిడ్డ.

"ఈ వయసుల నీకు దొంగాటలెందుకు భాయ్?" అని జైరాం నవ్వి, గేటు తాళం తీయబోయిండు.

బొజ్జయ్య ఇటు చూసిండు, అటు చూసిండు. "సారూ, నాది అయిపోయిందా?" అన్నడు.

మధ్యాహ్నం ఆఫీసోళ్లు టిఫిన్లు ఇప్పి కునుకు తీసే గంట మున్వర్ సొంతం. పదేండ్ల సంది ఆ గంటల ఆయన కొట్లాట ఆట ఆడ్తడు. తెరమీద ఇద్దరు ఎదురెదురు నిలబడి కొట్టుకుంటరు. మున్వర్ మనిషి తెల్లగడ్డం ముసలోడు. ఆ ముసలోడు వెనక్కి ఒదిగి నిలబడితే ఒంట్లె బలం కూడుతది, ఎదుటోని దెబ్బ గూడ తాకది. ముందుకు దూకితే కూడిన బలమంత అవతలోని ఛాతి మీద పడ్తది. వెనక్కి ఒక బటను, ముందుకు ఒక బటను. సుమేరా బడికి పోయే రోజుల్ల పక్కన కూసోని ఈ ఆటనే నేర్చుకున్నది. ఇప్పుడు ఖమ్మంల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నది. పోటీ ఉన్నదని తెలిసి తండ్రి పేరు రాయించింది ఆమెనే. "మా అబ్బా కీబోర్డు మీద ఆడుతడు, చూద్దురు గాని" అని దోస్తులను గూడ తోలుకొచ్చింది. మున్వర్ ఒక్కొక్కల్ని దాటుకుంట పోయి, కొసకు అద్నాన్ అనే ఇరవై ఏండ్ల పిలగాన్ని గూడ ఓడగొట్టిండు. కప్పు చేతికి ఇచ్చిండ్రు. పావుగంట అయినంక మైకుల పిలిచి తీసుకున్నరు.

ఇయ్యాల ఆ గంటల మున్వర్ తిన్నదీ లేదు, ఆడిందీ లేదు. లేచిండు, కూసున్నడు, బయటికి పోయి ఉమ్మేసి వచ్చిండు. ఎండకు టార్పాలిన్ కింద గాలి అట్టు పెనం మీది పొగ లెక్క నిలబడ్డది.

పూల్‌సింగ్ వచ్చేసరికి ఆయన వేళ్లు ఉత్త బల్ల మీద కొట్టుకుంటున్నయి. పూల్‌సింగ్ పొక్లెయిన్ ఆపరేటరు, తల్లాడ దిక్కు తండాల పుట్టిండు. దుమ్ముగూడెం కాడ కాలువ పూడిక తీసే పని మీద నెల సంది ఇక్కడనే ఉన్నడు. బండి కాయితాలు రాయించుకోవడానికి వచ్చి దోస్తు అయిండు.

"చూసినవా?" అన్నడు మున్వర్.

"మా డ్రైవర్లందరు చూసిండ్రు."

"నేను దొంగనా పూల్‌సింగూ? నా జిందగీల ఒక్క అర్జీల ఒక్క అబద్ధం రాసిన్నా? చదువుకున్నోళ్లు, ఏసీ రూముల కూసున్నోళ్లు, వాళ్ల పిల్లలు ఓడేసరికి మనది దొంగాట అయింది. బల్ల మీద కీబోర్డు చూసినప్పుడే నవ్విండ్రు వాళ్లు. స్టిక్కుతోనో ప్యాడుతోనో గెలువుండ్రి చూద్దాం అంటడు ఆ మురళీకృష్ణ. అంకుల్ అంట. నన్ను అంకుల్ అనుకుంటనే దొంగ అన్నడు."

"ఆడు. నేను చూస్త."

మున్వర్ ఆట పెట్టిండు. ముసలోడు వెనక్కి ఒదిగిండు, ముందుకు ఎగిరిండు. పూల్‌సింగ్ తెర చూస్తలేడు. మెడ వంచి వేళ్లు చూస్తున్నడు. మోరీ తవ్వేటప్పుడు నీళ్ల పైపు యాడున్నదో చూసే చూపు అది.

"ఆగు" అన్నడు. బల్ల మీది చిత్తుకాయితం సన్నగ చింపి, మున్వర్ ఎడమచేతి ఉంగరపు వేలు ఉన్న బటను మీద పెట్టిండు. "దీని మీద నొక్కు. ఇగ ముందుకు కొట్టు."

మున్వర్ ఉంగరపు వేలుతోని వెనక్కి నొక్కిండు, చూపుడు వేలుతోని ముందుకు కొట్టిండు. ముసలోడు ఎగిరిండు. పూల్‌సింగ్ కాయితం ముక్కను గుంజిండు. రాలేదు. ఇంకా గుంజిండు. కాయితం చినిగింది.

"నీ వేలు లేస్తలేదు భాయ్."

"లేస్తది."

"మళ్ల కొట్టు."

మళ్ల చినిగింది. మున్వర్ ఆట బందుపెట్టి, బొజ్జయ్య అర్జీ తెరిచి, కాయితం ముక్కను ఇంకో అక్షరం మీద పెట్టి ఒక వాక్యం కొట్టిండు. ఆడగూడ అంతనే. ఒక వేలు లేవకముందే ఇంకో వేలు దిగుతున్నది. ఇరవై రెండేండ్ల జల్దీ అంత అండ్లనే ఉన్నది. చేతికి తెలుసు, ఆయనకే తెల్వలేదు.

"అర్జీకేం కాదు" అన్నడు పూల్‌సింగ్, మెల్లగ. "అక్షరాలు ఒకదాని ఎనుక ఒకటి పడ్తయి. ఆటలనే, నీ ముసలోడు దాసుకునుడు దాసుకుంటనే కొడుతుండు. అవతలోడు ఎప్పుడు కొట్టాలె మరి?"

మున్వర్ చినిగిన కాయితం ముక్కలను బల్ల మీది నుంచి ఊడ్చిండు. దొంగ అన్నప్పుడు మండింది కోపం. ఇప్పుడు మండేది ఏందో దానికి పేరు దొరకలేదు. చేతులు సంకల్ల పెట్టుకొని కొంచెంసేపు నిలబడ్డడు. ఇగ ఫోను తీసి బిడ్డకు చేసిండు.

"సుమేరా. ఆ కట్టె ఉంటదటగద, స్టిక్కు. అది తెప్పియ్యి."

"అబ్బా, ఇడిసిపెట్టు. అందరు మర్చిపోతరు."

"ఆదివారం ఇడిసి ఆదివారం మళ్ల పోటీ అన్నరు. నా పేరు రాయించు."

*

పార్సిలు శుక్రవారం వచ్చింది. అండ్ల ఒక కట్టె, దాని నెత్తిన ఎర్రటి గుండు, ఎనిమిది బటన్లు, గుప్పెడు తీగెలు. పెట్టె లేదు. పెట్టె మనమే చేసుకోవాలెనట. మున్వర్ అటక మీది నుంచి పాత టైపు మిషను చెక్కపెట్టెను దించిండు. మిషను ఎప్పుడో పాత ఇనుముల పోయింది, పెట్టె మిగిలింది. పూల్‌సింగ్ షెడ్డు నుంచి డ్రిల్లు తెచ్చి తొమ్మిది రంధ్రాలు తోలిండు. మూత సందుల నుంచి ఇప్పటికీ రిబ్బను వాసన వచ్చింది.

ఆయన పెండ్లాం ఇమాంబీ కుట్టుమిషను మీద కూసోని సూది కింది నుంచి కన్నెత్తింది. "ఏంజీ, బిడ్డకు సంబంధం చూడుమంటే నీకే ఆటబొమ్మ తెచ్చుకున్నవు?"

"బొమ్మ గాదు."

"మరి గుండెందుకు ఎర్రగున్నది?"

ఆయనకే నవ్వొచ్చింది, నవ్వలేదు.

పొద్దుగాల ఫజర్ నమాజు అయినంక ఆఫీసు దాంక రెండు గంటలు. పెట్టెను ఒళ్లె పెట్టుకొని ఆడిండు. ఆడిండు అనుడు ఎందుకు, పడ్డడు. కీబోర్డు మీద పదేండ్లు ఏలిన ముసలోడు కట్టె కింద పుట్టు గుడ్డోడు అయిండు. వెనక్కి అంటే ఎగురుతడు. ముందుకు అంటే కూసుంటడు. అన్నిట్లకంటే అల్కగ ఉండే ఆట పెట్టినా, కంప్యూటరే నడిపే ఒక బక్క పహిల్వాను వచ్చి లెంపకాయలు కొట్టిపోతున్నడు. కట్టెకు ఒక్కటే మెడ. ఇటన్న ఉంటది, అటన్న ఉంటది, రెండు దిక్కుల ఉండది. మున్వర్ వేళ్లకు ఆ సంగతి ఎక్కుతలేదు. అయిదు వేళ్లు గుండు మీద పడి ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కు నొక్కుతున్నయి, అది గూడ కీబోర్డే అన్నట్టు.

ఇమాంబీ మిషను తొక్కుడు ఆపి చూసింది. "పిండి పిసుకుతున్నవా?"

"నీ పని నువ్వు చూస్కో."

"నా పని చూసే అంటున్న. ఈ మిషనుకు నేను నేర్పలే, అదే నాకు నేర్పింది. మొదట్ల నేను గూడ గుడ్డను గుంజుతుంటి. సూదులు ఇరిగేటివి. మా అమ్మ నెత్తిన కొట్టి, గుడ్డను గుంజకు, పొయ్యేదాన్ని పొయ్యనియ్యి అన్నది."

మూడో రోజు మున్వర్ కట్టెను ఎంత బలంగ గుంజిండంటే పెట్టె ఒళ్లెనుంచి జారి కాలి మీద పడ్డది. బొటనవేలు గోరు నల్లబడ్డది. ఆఫీసు కాడికి కుంటుకుంట పోతే జైరాం "దొంగాట భాయ్‌ను ఎవలో పట్టుకొని తన్నినట్టుండ్రు" అన్నడు. పక్కనున్న ఇద్దరు నవ్విండ్రు. నెల కింద ఆ ఇద్దరి పించను కాయితాలు ఉత్తగనే కొట్టిచ్చిండు ఆయన. ఆ సంగతి నోటిదాంక వచ్చింది. మింగిండు. చేసినదాన్ని చెప్పుకుంటే చిల్లర అయితది.

బుధవారం ఆఫీసుకు సెలవు పడ్డది. మున్వర్ బస్సెక్కి దుమ్ముగూడెం పోయిండు. కాలువ కట్ట మీద పొక్లెయిన్ నిలబడి ఉన్నది, పసుపుపచ్చటి మెడ వంచి. దూరంగ గోదారి ఇసుక తెల్లగ మండుతున్నది. పూల్‌సింగ్ తుడుచుకునే గుడ్డ నెత్తిన వేసుకొని తాటిముంజెలు తింటుండు.

"ఎక్కు" అన్నడు, అడగకముందే.

క్యాబిన్ల ఒక్కడికే జాగ. మున్వర్ సీట్ల కూసున్నడు, పూల్‌సింగ్ తలుపు పట్టుకొని మెట్టు మీద నిలబడ్డడు. రెండు చేతుల పక్కన రెండు లివర్లు. మున్వర్ ఎడమదాన్ని గట్టిగ పట్టి పక్కకు తోసిండు. అంత పెద్ద బండి ఒక్క ఊపున తిరిగింది. బకెట్ కట్ట మీది తుమ్మకొమ్మను గీరి పోయింది. కింద గోపాలు అనే హెల్పరు తట్ట పారేసి ఎనుకకు ఉరికిండు.

"ఓ భాయ్, నన్ను గూడ పూడికల కలుపుతవా?"

"ఇడువు" అన్నడు పూల్‌సింగ్.

"ఇడిస్తే?"

"ఇడిసి చూడు."

మున్వర్ చెయ్యి తీసిండు. లివరు దానంతట అదే నడిమిట్లకు వచ్చి నిలబడ్డది. బండి ఆగింది.

"చూసినవా? దానికి ఇల్లున్నది. నువ్వు ఎటు తోసినా, ఇడిస్తే ఇంటికొస్తది. ఇటు నుంచి అటు పోవాలంటే ఎవడన్న గుంజుతడా? ఇడువాలె. ఇంటికి రానియ్యాలె. ఆన్నుంచి అటు తొయ్యాలె. కొత్తోళ్లు అందరు నీ లెక్కనే గుంజి గుంజి పిన్నులు ఇరగ్గొడతరు." పూల్‌సింగ్ తన చెయ్యి ఆయన చేతి మీద పెట్టిండు. గరుకు అరచెయ్యి, ముంజె నీళ్లతోని తడిగున్నది. "గిట్ల. లేత ముంజె పట్టినట్టు. నొక్కితే నీళ్లు కారాలె, కారకూడదు."

"కారాలెనా, కారకూడదా?"

"అదే తెల్వాలె మరి."

పొద్దు తిరిగేదాంక మున్వర్ బకెట్‌ను అటు ఇటు తిప్పిండు. తోసుడు, ఇడుసుడు, ఇంటికి రానిచ్చుడు, మళ్ల తోసుడు. గోపాలు కట్ట మీద కూసోని ఒక్కొక్క తిప్పుకు మార్కులు వేసిండు. చివరి తిప్పుకు "పాస్" అన్నడు.

మర్నాడు పొద్దుగాల కట్టె కింద ముసలోడు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వెనక్కి ఒదిగి, నడిమిట్ల కంటికి కనబడనంత సేపు ఆగి, ముందుకు ఎగిరిండు. బక్క పహిల్వాను బోర్లపడ్డడు. మున్వర్ ఎవలన్న చూసిండ్రా అని ఎనుకకు తిరిగిండు. ఇమాంబీ సూదికి దారం ఎక్కిస్తున్నది.

"చూసిన" అన్నది, తలెత్తకుంట.

*

ఆదివారం భద్రాచలం నుంచి పొద్దుగాల బస్సుకు ఎక్కిండు. పెట్టెను లుంగీగుడ్డల చుట్టి ఒళ్లె పెట్టుకున్నడు. కండక్టరు "ఏంది భాయ్, హార్మోనియమా?" అన్నడు. అవ్ అన్నడు. కొత్తగూడెం దాటినంక అడివి పలచబడ్డది, తల్లాడ కాడ కల్లాలల్ల కొసకు ఏరిన మిరపకాయలు ఇంకా ఆరబోసే ఉన్నయి, ఘాటుకు బస్సంత తుమ్మింది. మున్వర్ ఎడమచెయ్యి దారి పొడుగూత గుడ్డ కింద కట్టెను తోసుకుంటనే ఉన్నది. ఆపుదామన్నా ఆగలేదు.

ఖమ్మం బస్టాండుల సుమేరా నిలబడి ఉన్నది, ఒక్కతే. ఈపారి దోస్తులను తోలుకురాలేదు. అది ఆయన చూసిండు, ఆయన చూసిండని ఆమె చూసింది.

"హాస్టల్ల ఏమన్న అంటున్నరా?"

"ఏమంటరు అబ్బా. కాపీ కొట్టకుంట రాయి సుమేరా అంటరు, పరీక్షల."

ఆమె నవ్వుకుంట చెప్పింది గాని, పెట్టెను ఆయన చేతుల నుంచి తీసుకున్నప్పుడు మొకం పక్కకు తిప్పుకున్నది, వీడియోల లెక్కనే.

గేమింగు సెంటరు పైఅంతస్తుల ఉన్నది, చలువ గాలి, నీలం లైట్లు. యాభై మంది దాంక ఉండొచ్చు. మున్వర్ పెట్టెను బల్ల మీద పెట్టి గుడ్డ తీసేసరికి ఒకడు "టైపు రైటర్ తెచ్చిండురా" అన్నడు. మురళీకృష్ణ మైకు పట్టుకొనే వచ్చి వంగి చూసిండు. మెడల చైను, పెదవుల మీద మర్యాద.

"ఓ, స్టిక్ తెచ్చారన్నమాట. గుడ్ అంకుల్. నేనేం మీ మీద కోపంతో అన్లేదండీ ఆ రోజు. రూల్ రూలే కదా."

"అవ్" అన్నడు మున్వర్.

మొదటి ఆట గెలిచిండు. అవతలి పిలగాడు కొత్తోడు, అది గెలుపు లెక్క గాదు. రెండోది కిందిమీద పడి గెలిచిండు. మూడో ఆటకు పక్క కుర్చీల అద్నాన్ వచ్చి కూసున్నడు. సన్నగ, గడ్డం ఇంకా సరిగ రాలేదు. సలాం పెట్టి, సంచిల నుంచి అన్నం పళ్లెమంత పలకను తీసి బల్ల మీద పెట్టిండు. దాని మీద గుండ్రటి బటన్లు పన్నెండు. కట్టె లేదు.

మున్వర్ చానాసేపు చూసిండు. "కట్టె ఏది?"

"దీనికి కట్టె ఉండది చిచ్చా. ముందుకు వెనక్కి గూడ బటన్లే." పిలగాడు కొంచెం సిగ్గుపడ్డడు. "ఆ రోజు మీ వేళ్లు చూసినంక నాకు నిద్ర పట్టలే. అట్ల ఆడాలని తెప్పించుకున్న. వచ్చి పది రోజులే."

మున్వర్ మురళీకృష్ణ దిక్కు తిరిగిండు. "ఇది నడుస్తదా?"

"నడుస్తుంది అంకుల్. అది కీబోర్డ్ కాదు, కంట్రోలర్. కంపెనీది."

అక్షరాలు చెరిపిన కీబోర్డు, అనుకున్నడు మున్వర్. అక్షరాలున్నది వద్దు, లేనిది ముద్దు. ఆ మాట నాలిక కొసదాంక వచ్చి చేదు అయింది. పెట్టె మీద చెయ్యి పెట్టిండు. మూడిట్ల రెండు ఆటలు ఎవలు ముందు గెలిస్తే పోటీ వాళ్లది.

అద్నాన్‌తోని మొదటి ఆట ఉత్తగనే పోయింది. అద్నాన్ గూడ తెల్లగడ్డం ముసలోన్నే తీసుకున్నడు. ఇద్దరు ముసలోళ్లు ఎదురెదురు. అద్నాన్ ముసలోడు ఒదిగినప్పుడు ఎంత కొట్టినా తాకలేదు. తాకకుంటనే ఎగిరొచ్చి కొట్టిండు. మున్వర్‌కు అది ఎరికైన దెబ్బ. తాను తిన్నట్టు గాదు, తానే ఎవలకో పెట్టినట్టున్నది.

రెండో ఆట మొదలైంది. మున్వర్ తెర మీద ఒక కన్ను వేసి, చెవులు పక్కకు పెట్టిండు. బటన్ల సప్పుడు ఆయనకు అన్నం పెట్టిన సప్పుడు. ఏ బటనైనా దిగేటప్పుడు ఒక టక్కు, లేచేటప్పుడు అంతకంటే సన్నటి టిక్కు. అద్నాన్ ఎడమచెయ్యి దిక్కు నుంచి టక్కు వినబడ్డది, ఎనుకనే ఇంకో టక్కు. టిక్కు రాలేదు. మళ్ల. టక్కు, టక్కు. దిగిన సప్పుళ్లు రెండు, లేచిన సప్పుడు లేదు.

యాభై మందిల ఆ సంగతి ఆయన ఒక్కడికే తెల్సు. మురళీకృష్ణ మైకు అందుకునేంత దూరంలనే ఉన్నది, బల్ల అంచు మీద. చెయ్యి ఎత్తితే చాలు. ఆట ఆపుండ్రి, వీని వేళ్లను స్లో చేసి చూడుండ్రి అంటే చాలు. ఆ గోడ మీది పెద్ద తెర మీదనే చూపిస్తరు. ఈలలు వేస్తరు. పిలగాని వేళ్లు గూడ కొత్తగూడెం దాంక తిరుగుతయి, వీని ఇంట్ల గూడ ఎవలో ఒకలు మొకం పక్కకు తిప్పుకుంటరు. సుమేరా గోడకు ఆనుకొని, సంచి పట్టీని మెలిపెట్టుకుంట చూస్తున్నది.

మున్వర్ చెయ్యి లేచింది. లేచి, మైకు దిక్కు పోలేదు. కట్టెను ఇడిసి, పక్కకు పోయి, అద్నాన్ ఎడమచేతి మీద వాలింది. తెరమీద ఆయన ముసలోడు దిక్కులేక తన్నులు తింటున్నడు.

"బేటా" అన్నడు, వానికే వినబడేటట్టు. "నీ ఉంగరపు వేలు లేస్తలేదు."

అద్నాన్ కిందికి చూసుకున్నడు. వేలు బటను మీదనే ఉన్నది. ఆట ఆపే బటను నొక్కి, అవే వేళ్లతోని మళ్ల కొట్టి చూసుకున్నడు. చెవులు ఎర్రబడ్డయి.

"నాకు తెల్వది చిచ్చా. ఖసమ్."

"నాకూ తెల్వకుండె."

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చినంకనే ఆయన చెవికి చేరింది. ఇన్ని రోజులల్ల ఎవలతోని అనని మాట అది, పూల్‌సింగ్‌తోని గూడ.

ఆట ఎందుకు ఆగిందని మురళీకృష్ణ బల్ల అంచు మీది మైకు అందుకొని దగ్గరికొచ్చిండు. మున్వర్ "ఏం లేదు, నడవనియ్యుండ్రి" అన్నడు. అద్నాన్ లేచి నిలబడ్డడు.

"ఏం లేదు అని కాదన్నా. నాది గూడ రెండు బటన్లు ఒక్కపారే పడ్తున్నయి. చూడు." వేళ్లు పెట్టి చూపించిండు.

మురళీకృష్ణ చూసిండు. పలకను ఎత్తి అటు ఇటు తిప్పి, "రెండూ ఒకేసారి పడకుండా లోపల సెట్టింగ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉన్నట్టుంది. కంపెనీ వాళ్లు అలాగే పంపుతారు. దీన్ని చీటింగ్ అనం కదా అద్నాన్" అన్నడు.

"మరి చిచ్చాను అన్నరు గదన్నా."

"ఆ రోజు సంగతి వేరు."

"ఏం వేరు?"

చుట్టున్నోళ్లు దగ్గరికి జరిగిండ్రు. మురళీకృష్ణ చేతిల మైకు ఇంకా చాలూగనే ఉన్నది, ఆ 'ఆ రోజు సంగతి వేరు' అనుడు గదంత వినబడ్డది. ఆయన మైకు దిక్కు చూసి, బొటనవేలుతోని దాని బటను కిందికి అని, ఆపిండు. "టైం అవుతోంది, కానివ్వండి" అని మాత్రం, ఉత్త గొంతుతోని అన్నడు. పదిహేను రోజుల కింద పావుగంట మాట్లాడిన మైకు అది.

రెండో ఆటను మళ్ల మొదటి నుంచి పెట్టుకున్నరు. ఆ ఆట ఆడినోళ్లకంటే చూసినోళ్లకు మజా వచ్చింది. అద్నాన్ వేలు లేపుదామని తలుచుకొని లేపేసరికి వాని ముసలోడు నిలబడి దెబ్బ తింటడు. మున్వర్ కట్టె ఇంటికి రాకముందే తోసేసరికి ఈ ముసలోడు ఉత్తగనే ఎగిరి దుంకుతడు. ఇద్దరు ముసలోళ్లు పెండ్లి దావతుల దారి తప్పినోళ్ల లెక్క తెర మీద తడుముకుంటున్నరు. ఎనుక నుంచి నవ్వు వచ్చింది. ఈలలు గావు, నవ్వే. మున్వర్ గూడ పండ్ల సందుల నవ్విండు. రెండో ఆట ఆయన గెలిచిండు, తెర మీద ముసలోనికి వేలెడు పానం మిగిలి ఉండంగ. మూడోది ఓడిండు. కొస దెబ్బకు కట్టె నడిమిట్ల ఆగింది, సరిగనే ఆగింది, తోసుడే ఆలస్యమైంది.

"సలాం చిచ్చా" అని అద్నాన్ రెండు చేతులతోని చెయ్యి పట్టుకున్నడు. "మూలకు ఒక మిషను ఖాళీగున్నది. ఇంకో ఆట?"

కప్పు ఎవలకు పోయిందో మున్వర్ చూడనే లేదు. బస్సు టైముకు సుమేరా వచ్చి భుజం తట్టేదాంక మూల మిషను మీదనే ఉన్నరు ఇద్దరు. మెట్లు దిగుతుంటే పెట్టె ఆమె పట్టుకున్నది, గుడ్డ చుట్టకుంటనే.

"ఇయ్యాల ఎవ్వలు వీడియో తీయలేదు అబ్బా" అన్నది.

"నువ్వు గూడనా?"

"నాకు యాదికే రాలే. చూసుకుంట నిలబడ్డ."

*

దొంగ అన్న వీడియో ఉన్నది. నిన్నటిది లేదు. సోమవారం గేటు కాడ జైరాం తాళంచెవుల గుత్తి ఊపుకుంటనే వచ్చిండు.

"దొంగాట భాయ్, ఈపారన్న దొరకకుంట ఆడినవా?"

మున్వర్ కీబోర్డు బోర్లించి దులుపుతున్నడు. "అవ్ జైరాం, ఆ దినం నా వేలు లేవలే" అన్నడు. "తెల్వక జరిగింది. జరిగింది మాత్రం నిజమే."

జైరాం గుత్తి ఊపుడు ఆపిండు. గేటు దిక్కు పోయిండు.

బొజ్జయ్య కుర్చీ కొసకు వచ్చి కూసున్నడు. పోయిన అర్జీని లోపల ఎక్కడనో పోగొట్టిండ్రట, మళ్ల పెట్టుమన్నరట. మున్వర్ వేళ్లు బటన్ల మీద పెట్టిండు. కట్టె మరిగిన ఎడమచెయ్యి ఒక్క గడియ ముడుచుకొనే ఉన్నది. ఇడిసిండు. అదే ఇంటికొచ్చింది. రాతిగుట్ట దాంక, అని ఒక్కొక్క అక్షరం కొట్టిండు.

బొజ్జయ్య చెవి ఒగ్గి విన్నడు. "ఇయ్యాల మిషను సప్పుడు వేరేగున్నది సారూ. పోయినపారి పేలాలు ఏగినట్టు ఉండె. ఇయ్యాల చింతగింజలు లెక్కవెట్టినట్టున్నది. ఖరాబయిందా?"

"లేదు తాతా. జరసేపు పడ్తది, కూసో. నిండుగ కూసో."

బొజ్జయ్య కుర్చీల ఎనుకకు జరిగి, వీపు ఆనిచ్చిండు.